ఏడాది పొడవునా రంజాన్

కాసాబ్లాంకా, మారిఫ్‌లో ఒక పాత భవనం, నాలుగో అంతస్తు. ఈద్ తర్వాత వచ్చిన మొదటి శుక్రవారం. నమాజు ముగించుకుని అందరూ కుస్కుసు తినడానికి ఇళ్ళకు వెళ్ళిన మధ్యాహ్నం. ఆఫీసులో ఇద్దరే మిగిలారు: వేళకి మోగి మాత్ర గుర్తుచేసే మందుపెట్టెకు ప్రోగ్రాం రాసిన జుహైర్, దాని టెస్టులు చూసే గిజ్లాన్. టెస్టు తప్పితే తెర ఎర్రగా వస్తుంది, నెగ్గితే పచ్చగా. గిజ్లాన్ ‘సీ’ అని గౌరవంగా పిలిచే జుహైర్‌కు కూర్చోవాలనిపించడం లేదు.

“మళ్ళీ ఎర్రగానే వచ్చిందా?”

“మళ్ళీ కాదు సీ జుహైర్. ఇది కొత్త ఎరుపు. పాతదాన్ని పక్కకి జరిపితే దాని వెనక ఇది నిలబడి ఉంది.”

“ఇప్పుడేమంటోంది?”

“లైబ్రరీని లోపలికి పిలిచే ఇంపోర్ట్ దగ్గరే కూలబడింది. ఇందాక ‘ఆ లైబ్రరీ ఇక్కడ లేదు’ అంది. తెచ్చిపెట్టాను. ఇప్పుడు ‘లైబ్రరీ ఉంది గానీ, అందులో మీరడిగిన పేరు లేదు’ అంటోంది.”

“పొద్దున దాకా అన్నీ పచ్చగానే ఉన్నాయి కదా!”

“పొద్దున దాకా పాత వెర్షన్ మీద ఉన్నాం. టైము లెక్కలు చూసే లైబ్రరీ కొత్తది పెట్టమని మదామ్ నఫీసా చెప్పింది, పెట్టాను. ఒక్క రాయి లాగితే గోడంతా కదిలింది. నా తప్పా?”

“నీ తప్పని ఎవరన్నారు? వెనక్కి పెట్టేయ్. పాతదే ఉంచు.”

“పాతదే ఉంచితే ఆదివారం సంగతి?”

“ఆదివారం ఏమవుతుంది?”

“నన్నడుగుతున్నారా? పెట్టె మీది. రంజాన్ అయిపోయింది. ఆ నెలకని గంట వెనక్కి తిప్పిన గడియారాల్ని ఆదివారం తెల్లారగట్ల దేశమంతా మళ్ళీ ముందుకి తిప్పుకుంటుంది. పాత లైబ్రరీకి ఆ సంగతి తెలుసో లేదో, మన పెట్టెలు తిప్పుకోకపోతే పొద్దున ఏడింటి మాత్రకి ఎనిమిదింటికి మోగుతాయి. వాటిని ఇళ్ళకి పంపిందే ఈ రంజాన్‌లో. ఈ మార్పు అవింకా ఒక్కసారి కూడా చూడలేదు. సగానికి సగం వణుకుడు జబ్బు వాళ్ళ ఇళ్ళలో ఉన్నాయి. ఆ మందు గంట ఆలస్యమైతే మనిషి—”

“ఆ పాఠం నాకు చెప్పకు.”

“చెప్పడం లేదు. నాలుగింటికి మదామ్ వస్తుంది, టెస్టులు పచ్చగా ఉంటే బటన్ నొక్కి అన్ని ఇళ్ళకీ పంపేస్తుంది, లేకపోతే మనిద్దర్నీ నొక్కేస్తుంది. అంతవరకే చెబుతున్నా.”

“పచ్చ చేయడం ఎంతసేపు? ఆ ఇంపోర్ట్ చుట్టూ ఒక మాట రాయి. దొరికితే దొరికింది, దొరక్కపోతే ఆ టెస్టు వదిలేసి ముందుకి పొమ్మను.”

“అబ్బో. అలా వదిలేస్తూ పోతే చివరికి ఏం మిగులుతుంది?”

“పచ్చ మిగులుతుంది.”

“మీరేనా ఈ మాటంటున్నది? నేను చేరిన మొదటి వారంలో ఇలాగే ఒక టెస్టు దాటేశానని, అందరి ముందూ నా దుమ్ము దులిపారు. గుర్తుందా?”

“అప్పుడు వేరు.”

“ఏం వేరు?”

“అప్పుడు టైముంది. ఇప్పుడు లేదు. అమ్మాయ్, నన్ను ప్రశ్నలడగడానికి పెట్టుకున్నామా నిన్ను, తెరని అడగడానికి పెట్టుకున్నామా?”

“తెరే మిమ్మల్ని అడగమంటోంది. కాస్త కూర్చోండి బాబూ, అలా తిరుగుతుంటే నా కళ్ళు కూడా మీ వెంట తిరుగుతున్నాయి. అక్కడ డబ్బాలో మా అత్తగారు చేసిన బాదం మిఠాయి, కాబ్ గజాల్ ఉన్నాయి. ఈద్‌వే, కొంచెం గట్టిపడ్డాయి. తినండి.”

“నాకొద్దు.”

“పన్ను విరగదులెండి.”

“వద్దన్నానా! ఏమయింది, అది?”

“ఇదిగో ఇంకోటి కదిలింది. ఇది వలయం. ఈ ఫైలు ఆ ఫైల్ని పిలుస్తోంది. ఆ ఫైలేమో ఈ ఫైలు పూర్తిగా లేస్తే గానీ నేను లేవనంటోంది. మా తమ్ముడు గుర్తింపు కార్డుకి తిరిగినట్టే ఉంది. కార్డు కావాలంటే నివాసపత్రం తెమ్మన్నారు, నివాసపత్రం కావాలంటే కార్డు చూపించమన్నారు.”

“చివరికి దొరికిందా?”

“ఎవరో తెలిసినవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి మాట సాయం చేశారు. ఇక్కడ ఆ గుమ్మం దగ్గర నిలబడ్డది ఎవరో అర్థం కావడం లేదు. చిత్రంగా ఉంది సీ జుహైర్. కొత్త లైబ్రరీ పెట్టాను. దాని పుస్తకంలో ఆ పేరుంది, నా కళ్ళతో చూశాను. మరి మన టెస్టులు ‘లేదు’ అంటాయేం?”

“వెర్షన్ సరిగ్గా దిగలేదేమో.”

“దిగింది.”

“కంప్యూటర్ ఒకసారి ఆపి మళ్ళీ పెట్టు.”

“మీరు! మీరు నాకు ఆపి మళ్ళీ పెట్టమని చెబుతున్నారు! మా ఆయన ఇంట్లో వాషింగ్ మెషీన్‌కి చెప్పే వైద్యం ఇది. ఉండండి, దాని చిరునామా అడుగుతాను.”

“దేని చిరునామా?”

“ఈ లైబ్రరీ ఎక్కణ్ణుంచి వచ్చి పలుకుతోందో. ఒక్క లైను చాలు.”

“ఎక్కణ్ణుంచి వస్తే ఏం, గిజ్లాన్. వద్దు. టైం వేస్టు.”

“ఒక్క లైనండీ.”

“వద్దంటున్నా.”

“చిరునామా అడిగితే మీకెందుకు చెమటలు?”

“ఏసీ పనిచేయడం లేదు.”

“పనిచేస్తోంది. నేను శాలువా కప్పుకుని కూర్చున్నా. ఇదిగో చెప్పింది. అరె! ఇది బయటి లైబ్రరీ కానే కాదు. మన టెస్టుల ఫోల్డర్లోదే. అచ్చం అదే పేరు పెట్టి ఎవరో ఒక ఫైలు పెట్టారు. పేరు పిలిస్తే ముందు ఇంట్లో ఉన్నవాడే కదా పలికేది! అసలువాణ్ణి నేను పొద్దుట్నుంచి మార్చి మార్చి తెస్తున్నా, వాడు వీధిలోనే నిలబడి ఉన్నాడు. మీరు చూశారా దీన్ని?”

“చూళ్ళేదు.”

“ఇటు రండి. ఎంత చిన్నదో చూడండి. ఇదొక ఉత్తుత్తి గడియారం. ఏ తేదీ అడిగినా ఒకటే జవాబు: రంజాన్ టైము. జూలై అడిగాను, రంజాన్. డిసెంబర్, రంజాన్. ఈద్ మర్నాడు అడిగినా రంజానే. సీ జుహైర్, మన టెస్టులన్నీ ఏడాది పొడవునా రంజాన్‌లోనే బతుకుతున్నాయి! పాపం, వాటికింకా ఈద్ చంద్రుడు కనపళ్ళేదు.”

“నవ్వకు.”

“నవ్వాలా ఏడవాలా తెలీడం లేదు. అందుకే ఇన్నాళ్ళూ పచ్చగా ఉన్నాయి. గడియారం మారే రోజే లేని లోకంలో ఏ పెట్టెకయినా ఆలస్యమెందుకవుతుంది? ఎవరు చేశారీ పని? ఆ ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిన తెతువాన్ ఊరి కుర్రాడేనా? వాడి మొహం చూస్తేనే—”

“వాణ్ణి అనకు.”

“ఏం, మీ చుట్టమా?”

“నేనే పెట్టాను.”

“...మీరా?”

“నేనే. పోయినేడాది రంజాన్‌లో. అప్పుడు రెండు లైబ్రరీలు కొట్టుకునేవి. ఒకటి పాత వెర్షన్ ఉంటేనే ఉంటానంది, రెండోది కొత్తదుంటేనే ఉంటానంది. ఏది పెట్టినా ఇంపోర్ట్ దగ్గరే కూలేవి టెస్టులు. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఉపవాసం, తలనొప్పి, సిగరెట్ లేక చేతులు వణుకు. ఇఫ్తార్‌కి ఇంటికెళ్ళాలి. ఈ నెలకి ఒక ఉత్తుత్తి గడియారం పెడదాం, ఎలాగూ నెలంతా మారదు కదా, ఈద్ అవగానే తీసేద్దాం అనుకున్నా.”

“తీయలేదు.”

“తీయలేదు.”

“మరిచిపోయారా?”

“ఆఁ. మరిచిపోయాను.”

“మరిచిపోయిన మనిషి దాని చిరునామా అడగొద్దనడు.”

“నువ్వు టెస్టులు చూడవలసిన దానివి కాదు. పోలీసుల్లో చేరాల్సింది.”

“మా నాన్న అదే అనేవాడు. సరే, పోనివ్వండి, ఎవరు పెడితేనేం. తీసేస్తున్నా దీన్ని.”

“ఆగు!”

“చెయ్యి తీయండి సీ జుహైర్. నొప్పెడుతోంది.”

“సారీ. సారీ. నిజంగా చూసుకోలేదు. ఆగు, ఒక్క నిమిషం.”

“మీకేమయింది ఇవాళ?”

“ఏం లేదు. తీసేయ్. తీసేయాలి. నేనూ అదే అంటున్నా. ఈ ఆదివారానికి సంబంధించిన టెస్టులు మాత్రం నడుపు. పోయినేడాదివి ముట్టుకోకు.”

“పోయినేడాదివి ఎక్కడున్నాయి? ఒక్కటే ఉంది. ఇదిగో. ఈద్ తర్వాత టైము మారిన ఆదివారం, ఒక పెట్టె, పొద్దున ఏడు గంటలు, ఒకే మాత్ర. ఇదెందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు. అయిపోయిన తేదీ. తీసెయ్యనా?”

“వద్దు.”

“ఉంచనా?”

“ఉంచు. నడపకు.”

“తీయొద్దు, నడపొద్దు. ఏం చేయమంటారు మరి, ఫ్రేము కట్టించి గోడకి తగిలించనా?”

“గిజ్లాన్!”

“అరవకండి. నాకూ అరవడం వచ్చు. నాకు కావలసింది అదొక్కటే టెస్టు, తెలుసా? మీరే నేర్పారు: టెస్టన్నది ముందు ఎర్రగా రావడం కళ్ళారా చూడాలి, ఆ తర్వాతే దాని పచ్చని నమ్మాలి అని. పాత లైబ్రరీ మీద ఇది ఎర్రగా రావాలి. కొత్తదాని మీద పచ్చగా రావాలి. అప్పుడే ఇది కళ్ళున్న టెస్టు. అప్పుడే ఆదివారం ఆ ఇళ్ళల్లో పెట్టెలు వేళకి మోగుతాయని మదామ్‌కి నేను నోరు తెరిచి చెప్పగలను. రెండిట్లోనూ పచ్చగా వస్తే ఇది గుడ్డిది, దాన్ని నమ్ముకుంటే మనమూ గుడ్డివాళ్ళమే.”

“తెలుసు.”

“తెలిస్తే?”

“తెలుసు కాబట్టే.”

“నాకు అర్థం కావడం లేదు.”

“ఆ పెట్టె మా ఇంట్లోది.”

“ఏ పెట్టె?”

“పోయినేడాది ఉన్నది ఒక్కటేగా. నా చేత్తో చేసిన మొదటిది. మా నాన్న మంచం పక్కన పెట్టాను. ఆయనకే వణుకుడు జబ్బు. ఏడింటికి మాత్ర పడకపోతే ఒళ్ళు కొయ్యలా బిగుసుకుపోతుంది.”

“మీ నాన్నగారు కింద పడ్డారని విన్నాను. అది...”

“ఆ ఆదివారమే. మాత్ర పడలేదు. లేవబోయాడు, కాళ్ళు కదల్లేదు, ముందుకి పడ్డాడు. తుంటి ఎముక. ఇప్పుడు కుర్చీలో ఉంటాడు, రోజంతా టీవీ వైపు తిరిగి.”

“అల్లా! నాకు చెప్పలేదే ఎప్పుడూ.”

“ఏమని చెప్పను?”

“అంటే పెట్టె మోగలేదా?”

“అదే తెలీదు. మోగిందో లేదో రాసిపెట్టుకునే ఏర్పాటు ఆ మొదటి పెట్టెలో లేదు. ఎనిమిదింటికి మోగిందేమో అంటావా, ఎనిమిదింటికి ఇంట్లో ఎవరున్నారు? అందరూ ఆసుపత్రిలో ఉన్నారు. సాయంత్రం వచ్చి నేనే దాని తీగ పీకి అటక మీద పడేశాను.”

“మరి మీ అమ్మగారు? ఆవిడ ఇంట్లోనే ఉన్నారుగా?”

“ఉంది.”

“ఆవిడేమన్నారు?”

“ఆసుపత్రి వరండాలో, అందరి ముందూ, నేను నోరు తెరవకముందే చెప్పింది. పెట్టె మోగే ఉంటుంది, నాకే నిద్ర పట్టేసింది, వినపళ్ళేదు అని. మా మేనత్త జోహ్రా అక్కడే ఉంది. ఇంక చూస్కో. నెలంతా తెల్లారకముందే సహూర్ భోజనానికి లేచిన దానివి ఆ ఒక్కపూట చచ్చిపోయావా అంది. మా అన్న మంచాన పడ్డది నీ నిద్రకి అంది. ఆ రోజు నుంచి మందుల అలమరా తాళం అత్త దగ్గరే. అత్త మా ఇంటికే మకాం మార్చేసింది. మా అమ్మకి నాన్నకి నీళ్ళివ్వడం వరకే మిగిలింది. మాత్ర ముట్టుకోనివ్వదు.”

“ఏడాదిగానా?”

“ఏడాదిగా. ఒక్క మాట ఎదురు చెప్పదు మా అమ్మ.”

“మీరు?”

“నేనేమిటి?”

“మీరు చెప్పొచ్చుగా. పెట్టెలో తప్పుండొచ్చు అని ఒక్క మాట.”

“ఉండొచ్చు అంటే? ఉందా, లేదా? ముందు రోజు శనివారం టెస్టులన్నీ నడిపాను. అన్నీ పచ్చ. ఆ పచ్చ చూసుకునే ధైర్యంగా ఇంట్లో పెట్టాను. తర్వాత ఆసుపత్రిలో కూర్చుంటే గుర్తొచ్చింది, ఈ ఉత్తుత్తి గడియారం తీయలేదని. ఆ పచ్చ అబద్ధమని. కానీ టెస్టు అబద్ధమైనంత మాత్రాన పెట్టె తప్పని కాదుగా? పెట్టె సరిగ్గానే మోగిందేమో. టెస్టుకీ పెట్టెకీ సంబంధం లేదుగా.”

“లోపల మీకు తెలిసే ఉంటుంది.”

“తెలీదంటున్నా. అనుకోవడం వేరు, చూడడం వేరు. ఆ వారంలోనే ఈ టెస్టు రాశాను. ఆ తేదీ, ఆ వేళ, ఆ మాత్ర. రాసి, ఈ గడియారం తీసేసి నడపాలని కూర్చున్నా. వేలు కదల్లేదు.”

“భయమేసిందా?”

“భయమయితే బాగుండేది. విను. ఎర్రగా వస్తే పెట్టె మోగలేదు. అంటే మా అమ్మ తప్పు లేదు, మా నాన్నని పడేసింది నేను. పచ్చగా వస్తే పెట్టె మోగింది. అంటే నా తప్పు లేదు, మా అమ్మ నిజంగానే నిద్రపోయింది. ఏది రావాలని కోరుకోను? చెప్పు. ఒక కొడుకు ఏ రంగు కోరుకోవాలి? ఎన్ని ప్రశ్నలడిగావు పొద్దుట్నుంచి.”

“మీరు ఏది కోరుకున్నారు?”

“రోజుకోటి. అత్త మా అమ్మని తిట్టినప్పుడు ఎరుపు. ఆ రాత్రే పడుకున్నాక పచ్చ. మళ్ళీ పొద్దున ఆమె వంటింట్లో ఒంటరిగా రొట్టె తుంచుకుని తింటుంటే ఎరుపు. ఒక్కోసారి ఆమె మీదే కోపం వచ్చేది. నువ్వు నిద్రపోకుండా ఉంటే నాకీ గొడవ లేదు కదా అని. అంత నీచంగా కూడా అనుకున్నా. చివరికి దేనికీ ఒప్పుకోక, ఈ ఫైలు ఇక్కడే వదిలేశాను. ఎప్పటికీ రంజానే. ఆదివారమే రాదు.”

“వస్తుంది సీ జుహైర్. ఎల్లుండే.”

“తెలుసు.”

“మీ ఇంట్లోదే కాదు. ఎన్నో ఇళ్ళల్లో ఎందరో అమ్మలు.”

“తెలుసన్నానా!”

“నేను నడపనా? మీరు వెళ్ళి బయట బాల్కనీలో నిలబడండి. రంగు నేను చూసి నా దగ్గరే ఉంచుకుంటా. మీకు చెప్పను.”

“నీ మొహం చెప్పేస్తుంది.”

“నేను మొహం కడుక్కుని వస్తా.”

“...మంచిదానివే. జోకులేస్తావు.”

“ఏం చేయను మరి.”

“మన పెట్టెల్లో మోగే భాగాన్ని ఈ ఏడాదిలో ఎవరైనా మార్చారా?”

“లేదు. పోయినేడాదిదే. అక్షరం కూడా మారలేదు. లైబ్రరీ కూడా ఇవాళ పొద్దున దాకా అదే పాతది. దాన్నే వెనక్కి పెట్టి నడుపుతాను. అంటే సరిగ్గా ఆ ఆదివారం మీ ఇంట్లో ఉన్న పెట్టే.”

“సరే.”

“సరేనా?”

“ముందు ఆ ఫైలు తీయి.”

“మీరు తీయండి. మీరు పెట్టింది.”

“జరుగు... ఇదేమిటి, అడుగుతోంది, నిజంగా తీయాలా అని.”

“అందర్నీ అడుగుతుంది.”

“తీశాను.”

“పాత లైబ్రరీ... దిగుతోంది... దిగింది. రెండోది దీనితో కొట్టుకోకుండా దాన్ని వేరే గదిలో పెడుతున్నా. పోయినేడాది మీకు ఈ ఉపాయం తట్టి ఉంటే...”

“తట్టలేదు.”

“అందుకని అనలేదు. సారీ. ఇంపోర్టులు... ఇదిగో, అన్నీ దాటాయి. ఒక్క ఎర్రర్ లేదు. మొదటిసారి అసలు గడియారం లోపలికొచ్చింది. నడుపుతున్నా.”

“నడుపు. ఎంతసేపు?”

“ఊపిరి పీల్చండి.”

“గిజ్లాన్, నేను చూడను. నువ్వు చెప్పు.”

“ఎరుపు.”

“ఇంపోర్ట్ ఎర్రరా?”

“కాదు. ఇది నిజం ఎరుపు. ఏడింటికి మోగాలి, మోగలేదు. ఎనిమిదింటికి మోగింది అని రాసింది. సీ జుహైర్... సీ జుహైర్, కూర్చోండి. ఇదిగో నీళ్ళు.”

“మోగలేదు.”

“మోగలేదు.”

“మళ్ళీ నడుపు.”

“నడిపినా అదే వస్తుంది. నడుపుతున్నా. అదే.”

“మోగలేదు. అంటే మా అమ్మ... ఆమె నిద్రపోయినా, మేలుకున్నా ఒకటే. మోగనిదాన్ని ఎవరు మాత్రం వింటారు? ఆమె తప్పు లేదు!”

“మీరు నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా?”

“తెలీదు. తేలిగ్గా ఉంది. విచిత్రంగా లేదూ? నేనే చేశానని తేలింది, తేలిగ్గా ఉంది. ఏడాదిగా ఇద్దర్నీ మోశాను. ఇప్పుడు ఒక్కణ్ణే.”

“కొత్త లైబ్రరీ పెట్టి ఇదే నడుపుతా, ఉండండి. మీరు లేవకండి... పచ్చ. పోయినేడాది ఆదివారం పచ్చ, వచ్చే ఆదివారం పచ్చ. టెస్టుకి కళ్ళున్నాయి. మదామ్‌కి పంపమని చెప్పొచ్చు.”

“చెప్పు. ఈ ఫైలు సంగతి కూడా చెప్పు. నా పేరు పెట్టి చెప్పు.”

“అది మీరే చెప్పుకోండి. నేను పోలీసుని కాను. ఇప్పుడేం చేస్తున్నారు?”

“ఫోన్. ఇంట్లో అందరూ పళ్ళెం చుట్టూ కూర్చుని ఉంటారు. అత్త కూడా. స్పీకర్ పెట్టమంటాను. అందరూ వినాలి.”

“నేను బయటికి వెళ్ళనా?”

“ఉండు. నువ్వు ఉండాలి. నేను మాట మార్చేస్తానేమో... అమ్మా? నేనే.”

“ఎక్కడున్నావు కొడుకా? కుస్కుసు చల్లారిపోయింది. నీ వాటా గుమ్మడికాయ ముక్కలు అత్త తినకుండా పక్కన పెట్టాను.”

“అమ్మా, అత్త అక్కడుందా?”

“చెయ్యి కడుక్కుంటోంది. ఏం?”

“ఫోన్ స్పీకర్లో పెట్టు. అత్తని పిలువు. ఒక మాట చెప్పాలి, అందరూ వినాలి.”

“ఏమిట్రా, నీ గొంతేమిటి అలా ఉంది? తిన్నావా? ఎవరితోనైనా గొడవపడ్డావా?”

“లేదమ్మా. పోయినేడాది సంగతి. నాన్న పడ్డ రోజు. ఇవాళ ఇక్కడ పరీక్ష చేసి చూశాం. పెట్టె మోగలేదమ్మా ఆ రోజు. అది ఇంకా రంజాన్ టైములోనే ఉంది. నేను చేసిన తప్పు. వినపడుతోందా?”

“వినపడుతోంది. గట్టిగా మాట్లాడకు. వంటింట్లోకి వస్తున్నా ఉండు.”

“ఎందుకు వంటింట్లోకి? అందరి ముందూ విను. అత్తకి చెప్పు. నువ్వు నిద్రపోయినందుకు కాదు. నువ్వు నిద్రపోయినా తప్పు లేదు. అది మోగనే లేదు!”

“తలుపేశాను. ఇప్పుడు చెప్పు. ఇంకెవరికి చెప్పావు ఈ మాట?”

“ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ గిజ్లాన్ ఉంది. ఎందుకు?”

“ఎవరికీ చెప్పకు కొడుకా. అత్తకి అసలే చెప్పకు. అయిపోయింది కదా. నా మీద పడిపోయింది, అక్కడితో సద్దుమణిగింది. ఇప్పుడు లేపితే నీ మీద పడుతుంది.”

“అమ్మా, నేను చెబుతున్నది నీకు అర్థమవుతోందా? నువ్వు నిద్రపోయానని ఏడాదిగా—”

“నిద్రెక్కడ పోయాను నేను?”

“...ఏమిటి?”

“నువ్వేగా చెప్పావు, పాత టైమూ కొత్త టైమూ అని కంగారుపడకమ్మా, గోడ గడియారం చూడకు, ఈ పెట్టెనే విను అని. గ్లాసు నీళ్ళు, మాత్ర చేతిలో పట్టుకుని దాని ముందే కూర్చున్నాను. మీ నాన్న రెండుసార్లు అడిగాడు, వేళ కాలేదా అని. మన వాడి పెట్టె ఇంకా మోగలేదు, కాలేదులే అన్నాను.”